బొమ్మకు ధర కట్టేదెవరు?



వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం ఇవ్వమని వార్డెన్ సార్ అడిగినప్పుడు, పోటీ పరీక్షల గురించి రాద్దామా, కంప్యూటర్ కోర్సుల గురించి రాద్దామా అని చాలాసేపు ఆలోచించాం. చివరకు మాకు అనుభవంలోకి వచ్చిన విషయమే రాయాలనుకున్నాం. అది బొమ్మల గురించి, బొమ్మల చుట్టూ తిరిగే డబ్బు గురించి. రాసే చేయి ఒకటే అయినా పని చేసింది, నష్టపోయింది, నేర్చుకున్నది నలుగురం కనుక వ్యాసమంతా 'మేము' అనే రాస్తున్నాం. మా నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటివాళ్లం మేమే. కాబట్టి కాగితాల సంగతి మాకు ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. మీలో చాలామందికీ ఉండరు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా జరిగిన సంగతి

డిగ్రీ రెండో సంవత్సరం వేసవి సెలవుల్లో హైదరాబాదులోనే ఉండిపోయి పని వెతుక్కున్నాం. హైటెక్ సిటీలో ఆఫీసులకు లోపలి అలంకరణ పనులు చేసే ఒక కాంట్రాక్టరు మా బొమ్మలు చూసి, ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు గోడ మీద పల్లె దృశ్యం వేయమన్నాడు. గోడ పొడవు 24 అడుగులు, ఎత్తు 9 అడుగులు. పగలు ఉద్యోగులు ఉంటారు కనుక రాత్రి 10 గంటల తర్వాతే పని. తొమ్మిది రాత్రులు కష్టపడి చెరువు కట్ట, బతుకమ్మ ఆడే ఆడవాళ్లు, డప్పు కొట్టే మా తాతలు, అందరినీ ఆ గోడ మీదికి తెచ్చాం. నలుగురికీ కలిపి 16,000 రూపాయలు ఇచ్చారు. తలా 4,000. అంత డబ్బు ఒక్కసారి చేతిలో పట్టుకోవడం మాకు అదే మొదలు. సంబరపడ్డాం. పరీక్ష ఫీజు కట్టాం.

ఏడాది తిరిగాక మాలో ఒకరి అక్క (ఆమె అదే భవనంలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది) కొత్త సంవత్సరం కేలండరు ఒకటి ఇంటికి తెచ్చింది. అట్ట మీద మా బతుకమ్మ. లోపల మా చెరువు కట్ట. మా తాతల డప్పు డిసెంబరు నెలకు వచ్చింది. ఎక్కడా మా పేర్లు లేవు. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే, "డబ్బులు ముట్టినయి కదా, ఇంకేం కావాలి?" అన్నాడు. మాకు చాలా కోపం వచ్చింది. మన హాస్టల్లోనే చదివి ఇప్పుడు వకీలుగా ఉన్న ఒక అన్న దగ్గరికి వెళ్లాం. ఆయన అంతా విని, "మీకూ వాళ్లకూ మధ్య కాగితం ఏమైనా ఉందా?" అని అడిగారు. లేదన్నాం. "అయితే చట్టం వాళ్ల వైపే ఉంది" అన్నారు.

ఆ మాట మాకు మింగుడు పడలేదు. బొమ్మ గీసింది మేమైతే, దాని మీద హక్కు ఇంకొకరిది ఎలా అవుతుంది? ఈ ప్రశ్నతోనే బొమ్మకూ డబ్బుకూ ఉన్న సంబంధం గురించి చదవడం మొదలుపెట్టాం. చదివింది చదివినట్టు, పాఠంలాగా మీ ముందు పెడుతున్నాం.

పాత రోజుల్లో డబ్బిచ్చింది ఎవరు?

డబ్బు వచ్చి కళను పాడు చేసిందని పెద్దలు అంటుంటారు. కానీ కళ ఏనాడూ డబ్బు లేకుండా, గింజలు లేకుండా బతకలేదు. ఇచ్చేవాళ్లు మాత్రం మారుతూ వచ్చారు.

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఉన్నారు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, దాని మీద ఉడుత వెంట్రుకల కుంచెతో బొమ్మలు వేస్తారు. వెనుక ఎర్ర రంగు, ముందు కథ. వెడల్పు మూడు అడుగులుంటే పొడవు నలభై అడుగులు దాటిన పటాలు కూడా ఉండేవి. వాటిని ఇంట్లో తగిలించుకోవడానికి వేసేవారు కాదు. పటం కథ చెప్పేవాళ్లు వాటిని గీయించుకునేవారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు. కాకి పడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పేవారు. డక్కలివారు మన మాదిగ వాడల్లో పటం విప్పి జాంబపురాణం చెప్పేవారు. జాంబపురాణం అంటే ఈ లోకం పుట్టకముందే జాంబవుడు పుట్టాడని, మాదిగలు ఆయన సంతానమని చెప్పే కథ. ఊరు మనల్ని బయట పెట్టిన కాలంలో, మీరే ముందు పుట్టినవాళ్లని మనకు చెప్పిన కథ అది.

మాలో ఒకరి అమ్మమ్మ చిన్నప్పుడు ఆ పటం చూసింది. డక్కలివారు వచ్చి వాడ బయట దిగేవారట. రాత్రి దీపం పెట్టి, పటం ఒక్కో మడత విప్పుతూ కర్రతో చూపిస్తూ కథ చెప్పేవారట. పోయేటప్పుడు ప్రతి ఇంటి నుంచి జొన్నలో, వడ్లో, పాత బట్టలో తీసుకుని వెళ్లేవారట. ఆ గింజల్లోంచే నకాషీకి పటం ఖర్చు వెళ్లేది. అంటే ఆ బొమ్మకు అసలు పోషకులు మన తాతముత్తాతలే. పటం పాతబడి చిరిగితే దాన్ని అమ్మేవారు కాదు, నదిలో నిమజ్జనం చేసేవారు. దానికి మలి అమ్మకం అనేదే లేదు.

ఆ ఏర్పాటును మరీ పొగడాల్సిన పని కూడా లేదు. డక్కలివారు మనకు ఆశ్రిత కులం. మనమే అంటరానివాళ్లం అనుకుంటే, మన దగ్గర అడుక్కునే వాళ్లుగా వాళ్లను ఇంకా కింద ఉంచారు. కళాకారుడికి గౌరవం అప్పుడూ తక్కువే, ఆదాయం అప్పుడూ తక్కువే. అయితే బొమ్మ, కథ, వినేవాళ్లు ఒకే చోట ఉండేవారు.

అచ్చు యంత్రం తెచ్చిన మార్పు

కేరళకు చెందిన రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టించారు. అంతకు ముందు రాజుల గోడల మీద మాత్రమే ఉండే లక్ష్మి, సరస్వతి బొమ్మలు కాగితం మీద అచ్చయి బజారుకు వచ్చాయి. ఒక్క తైలవర్ణ చిత్రం ఒక్క జమీందారు ఇంట్లో ఉంటుంది. అచ్చు బొమ్మలు వేల ఇళ్లలో ఉంటాయి. గుడిలోకి రానివ్వని మనుషుల ఇళ్లలోకి కూడా దేవుడి పటం వచ్చింది. ఇది వ్యాపారం చేసిన పనే. కాబట్టి వ్యాపారమంటే అంతా చెడే అనుకుంటే మనం సగం చరిత్ర వదిలేసినట్టే.

ఇంకో సగం కూడా చూడాలి. మన మండల కేంద్రాల్లో షాపుల బోర్డులు, సినిమా పోస్టర్లు, ఎన్నికల గోడ రాతలు రాసే ఆర్టిస్టులు ఉండేవారు. కింద మూలకు తమ పేరు రాసి పక్కన 'ఆర్ట్స్' అని పెట్టుకునేవారు. ఫ్లెక్సీ ముద్రణ వచ్చాక, చదరపు అడుగుకు కొద్ది రూపాయలకే, గంటలో బోర్డు తయారవుతుంది. ఆ ఆర్టిస్టుల్లో చాలామంది ఇళ్లకు సున్నాలు వేసే పనికి మళ్లారు. యంత్రం బొమ్మను చవక చేస్తుంది. చవకైన బొమ్మ ఎక్కువమందికి చేరుతుంది. కానీ గీసే చేతికి కూలి పోతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి.

వేలంపాటలో బొమ్మ

ఇప్పుడు పెద్ద డబ్బు సంగతికి వద్దాం. బొమ్మల బజారులో రెండు అమ్మకాలు ఉంటాయి. చిత్రకారుడి దగ్గర నుంచి మొదటిసారి కొనడం మొదటి అమ్మకం. కొన్నవాళ్లు మళ్లీ ఇంకొకరికి అమ్మడం మలి అమ్మకం. పేపర్లలో మనం చదివే కోట్ల రూపాయల వార్తలు దాదాపు అన్నీ మలి అమ్మకాలే.

మన దేశ చిత్రకళకు పెద్ద ధరలు ఈ పాతికేళ్లలోనే మొదలయ్యాయి. 2000లో సాఫ్రన్‌ఆర్ట్ అనే సంస్థ ఇంటర్నెట్ ద్వారా వేలం మొదలుపెట్టింది. 2002లో తయ్యబ్ మెహతా చిత్రం క్రిస్టీస్ వేలంలో కోటిన్నర రూపాయలు పలికితే అందరూ ఆశ్చర్యపోయారు. 2005లో ఆయనదే 'మహిషాసుర' చిత్రం పది లక్షల డాలర్లు దాటింది. 2008లో ప్రపంచ మార్కెట్లు కూలినప్పుడు ఈ ధరలూ పడ్డాయి. షేర్లలాగే పెరిగినవి షేర్లలాగే పడ్డాయంటే, కొన్నవాళ్లు వాటిని ఎలా చూశారో అర్థమవుతుంది. తర్వాత మళ్లీ పెరిగాయి. 2023లో అమృతా షేర్‌గిల్ చిత్రం 61.8 కోట్లకు అమ్ముడైంది.

2025 మార్చిలో న్యూయార్కులో ఎం.ఎఫ్. హుసేన్ గీసిన 'గ్రామయాత్ర' 118 కోట్ల రూపాయలు దాటింది. అది 1954 నాటి చిత్రం. దాదాపు 14 అడుగుల పొడవు. అందులో ఉన్నది మన పల్లె బతుకే: ఎద్దుల బండి, పొలం, వంట, పిల్లల తల్లి. ఒక విదేశీ డాక్టరు దాన్ని 1954లోనే కొని, తర్వాత నార్వేలోని ఓస్లో ఆసుపత్రికి ఇచ్చేశారు. అమ్మిన డబ్బు డాక్టర్ల శిక్షణకు అని ఆసుపత్రి చెప్పింది. మంచి పనే. హుసేన్ మొదట్లో బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి పొట్టపోసుకున్నవారు. తర్వాతి కాలంలో మన హైదరాబాదులో బద్రీ విశాల్ పిత్తీ ఆదరణలో రామాయణ చిత్రాలు గీశారు. 2011లో చనిపోయారు. మలి అమ్మకంలో చిత్రకారుడి వారసులకు వాటా ఇవ్వాలనే చట్టం అమెరికాలో లేదు.

ధర ఇంత ఎలా పెరుగుతుంది? రంగుల ఖర్చు, గీసిన రోజుల కూలి లెక్కేస్తే పెరగదు. నాలుగు విషయాల వల్ల పెరుగుతుంది. ఒకటి, గీసినవారి పేరు. రెండు, బొమ్మ ఒక్కటే ఉండటం. మూడు, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే కాగితాలు. నాలుగు, దాని గురించి పుస్తకాల్లో, ప్రదర్శనల్లో వచ్చిన రాతలు. ఈ నాలుగింటిలో మూడు పేరుకూ కాగితానికీ సంబంధించినవే. మాకు ఈ సంగతి తెలిసేసరికి మా గోడ మీద పేరూ లేదు, చేతిలో కాగితమూ లేదు.

మాదాపూర్‌లో రెండు ధరలు

న్యూయార్కు దాకా వెళ్లకపోయినా ఈ తేడా మన మాదాపూర్‌లోనే కనిపిస్తుంది. సైబర్ టవర్స్‌ను 1998లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. దానికి దగ్గర్లోనే శిల్పారామం ఉంది. అదే మాదాపూర్‌లో, కావూరి హిల్స్‌లో ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీ ఉంది. మేము సెలవు రోజుల్లో రెండు చోట్లకీ వెళ్లి చూశాం.

శిల్పారామంలో చేర్యాల బొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ, కొండపల్లి బొమ్మలు అమ్ముతారు. ఏటా డిసెంబరులో పెద్ద మేళా జరుగుతుంది. మెడలో ఐడీ కార్డులతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వస్తారు. నలభై అడుగుల పటం వాళ్ల ఫ్లాటులో పట్టదు. కాబట్టి పటం ముక్కలైంది. అడుగు బొమ్మ, ఫ్రేము కట్టిన బొమ్మ, చెక్కపొట్టుతో చేసిన ముఖాలు, తాళంచెవుల గుత్తులు అయింది. మేము చూసినంతలో అందరూ ధర అడిగారు, తగ్గించమని అడిగారు. ఆ బొమ్మలో ఉన్న కథ ఏమిటని అడిగినవాళ్లు తక్కువ.

అయినా ఒక మాట న్యాయంగా చెప్పాలి. కథ చెప్పేవాళ్లు పటాలు గీయించుకోవడం తగ్గిపోయాక, ఆ కొద్ది నకాషీ కుటుంబాలను నిలబెట్టింది ఈ కొత్త కొనుగోలుదారులే. చేర్యాల చిత్రకళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంకెవరో ఆ పేరు పెట్టుకుని అమ్మకుండా అది కాపాడుతుంది. కానీ మంచి ధర ఇప్పించడం దాని పని కాదు. బొమ్మ గీసేవాళ్లకు దారి దొరికింది కానీ, కథ చెప్పే డక్కలివారికి దొరకలేదు. పటం డ్రాయింగు రూములోకి వెళ్లింది. జాంబపురాణం ఎక్కడికి పోవాలి? డక్కలి కులానికే చెందిన కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, సినిమా పాట వల్ల పేరూ వచ్చింది. 2024లో ఆయన నగర శివార్లలో నిర్మాణ పనికి కూలికి వెళ్తున్నారని వార్తలు చదివాం. పేరు రావడం వేరు, నెలనెలా ఆదాయం రావడం వేరు.

ఇక గ్యాలరీల సంగతి. అక్కడ ఎక్కువగా వినిపించే పేర్లలో తోట వైకుంఠం గారిది ఒకటి. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఎర్ర చీరలు, నిండు బొట్టు, నల్లటి మేని రంగుతో ఆయన గీసే తెలంగాణ ఆడవాళ్లు మన అమ్మలే. 'దాసి' సినిమాకు కళా దర్శకత్వంలో జాతీయ పురస్కారం కూడా పొందారు. ఆయన చిత్రాలు లక్షల్లో అమ్ముడవుతాయి. మన ఊళ్ల నుంచి వచ్చినవారికి ఆ స్థానం దక్కడం మనకు గర్వకారణం.

నకాషీ కుటుంబం తరతరాలుగా ఎర్ర రంగు మీద పల్లె మనుషులను గీస్తూనే ఉంది. ఒకరిది 'చిత్రకళ', ఒకరిది 'హస్తకళ'. చిత్రకళకు ధర పేరును బట్టి, హస్తకళకు ధర సైజును బట్టి. వైకుంఠం గారి బొమ్మ కొన్నవాళ్లు ఆయన పేరు చెప్పుకుంటారు. చేర్యాల బొమ్మ కొన్నవాళ్లు ఊరి పేరు చెబుతారు, గీసిన మనిషి పేరు చెప్పరు. మా లెక్క ప్రకారం డబ్బు కళకు చేసిన పెద్ద మార్పు ఇదే. కొందరికి పేరు ఇచ్చి పైకి తీసుకుపోయింది. పేరు లేనివారి పనిని కూడా అమ్మింది, కానీ కూలి లెక్కనే.

చట్టం ఏమంటోంది?

వకీలు అన్న చెప్పినవి, తర్వాత మేము చదివినవి కలిపి ముఖ్యమైన నాలుగు అంశాలు రాస్తున్నాం. ఇవన్నీ 1957 నాటి కాపీరైటు చట్టంలోవే.

1. 17వ సెక్షన్: ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం గీయించుకున్న పెయింటింగు మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైటు డబ్బిచ్చినవారిదే. మేము పడింది ఇక్కడే. "వేరే ఒప్పందం లేకపోతే" అన్న మాట గుర్తుంచుకోండి. ఒక్క కాగితం రాసుకుని ఉంటే లెక్క మారేది.

2. 19వ సెక్షన్: మన హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. ఎన్నేళ్లకు అని రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క.

3. 53ఎ సెక్షన్: 1994 సవరణలో వచ్చింది. మన అసలు పెయింటింగు మళ్లీ అమ్ముడై ధర 10,000 రూపాయలు దాటితే, గీసినవారికి గానీ వారసులకు గానీ అందులో వాటా అడిగే హక్కు ఉంది. ఆ వాటా 10 శాతానికి మించదు. అయితే మొదట్లో కాపీరైటు మనదై ఉండాలి. ఫ్రాన్సు దేశంలో ఇలాంటి హక్కు 1920లోనే వచ్చింది. మన దగ్గర చట్టం ఉన్నా, మొదటి అమ్మకానికి రసీదు లేనివాడు మలి అమ్మకంలో వాటా అడగడం కష్టం.

4. 57వ సెక్షన్: కాపీరైటు అమ్మేసినా, ఈ బొమ్మ నాదే అని చెప్పుకునే హక్కు గీసినవారికి ఉంటుంది. తమ గౌరవానికి భంగం కలిగేలా బొమ్మను పాడు చేస్తే ప్రశ్నించవచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకు వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయనకు 5 లక్షల పరిహారం, శిల్పం మిగిలిన భాగాలు తిరిగి ఇవ్వమని తీర్పు చెప్పింది. గెలిచింది ప్రభుత్వం మీద.

ఈ నాలుగో అంశం పట్టుకుని మేము ఆ ఆఫీసుకు ఒక ఉత్తరం రాశాం. డబ్బు అడగలేదు. గోడ కింద మా నాలుగు పేర్లు రాయనివ్వమని అడిగాం. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. మళ్లీ రాస్తాం.

బొమ్మలు వేసే తమ్ముళ్లకు

- ప్రతి బొమ్మ మీద సంతకం, తేదీ వేయండి. స్నేహితుడి రికార్డు పుస్తకంలో వేసినా సరే.
- చేతి నుంచి బొమ్మ పోయేముందు ఫొటో తీసి పెట్టుకోండి.
- అమ్మితే రసీదు రాయండి. సైజు, తేదీ, ధర, కొన్నవారి పేరు ఉంటే చాలు. రెండు కాపీలు.
- గోడ పని ఒప్పుకుంటే, "ఈ బొమ్మ ఈ గోడకు మాత్రమే, కేలండర్లకు, ప్రకటనలకు వాడాలంటే విడిగా మాట్లాడుకోవాలి, కాపీరైటు గీసినవారిదే" అని తెలుగులోనైనా ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి.
- అడిగితే పని పోతుందేమో అని మేము భయపడ్డాం. అడగనందుకు ఏం పోయిందో పైన రాశాం.

డబ్బు వద్దని మేము అనడం లేదు. ఆకలితో గీసిన బొమ్మే గొప్ప బొమ్మ అనే మాట కడుపు నిండినవాళ్లు చెప్పేది. మన చేతి పనికి మంచి ధర రావాలి, ఆ ధర పక్కన మన పేరు ఉండాలి.

చివరగా ఒక మనవి. మన డైనింగ్ హాలు గోడ మీద బాబాసాహెబ్ బొమ్మ ఉంది కదా. ప్లేట్లు పట్టుకుని వరుసలో నిలబడి మనం రోజూ చూసేదే. దానికి ఎవరూ డబ్బివ్వలేదు, ఎవరూ వేలం వేయరు. దాని కింద పేరు కూడా లేదు. మేము అడిగినంత మందిని అడిగాం. ఏప్రిల్ 14 కోసం ఎవరో సీనియర్ అన్న ఒక్క రాత్రిలో వేశాడని మాత్రం చెప్పారు. ఆ అన్న పేరు, ఊరు, బ్యాచి తెలిసినవారు దయచేసి వార్డెన్ సార్‌కు చెప్పండి. ఈ సెలవుల్లో ఆ గోడలకు కొత్త రంగు వేస్తున్నారు. బొమ్మ ఉన్నచోట వేయకుండా ఆపమని సార్‌ను అడిగాం, ఒప్పుకున్నారు. కింద పేరు రాయడానికి రంగు, కుంచె మేము తెస్తాం.